మెడికల్ స్కూల్‌కు ముందు రీసెర్చ్: ఎవరి దగ్గర చేరాలి?

(డాలస్ ప్రాంత తెలుగు కుటుంబాల సమావేశంలో ప్రీ-మెడ్ విద్యార్థులు, అంటే మెడికల్ స్కూల్‌కు వెళ్లాలని డిగ్రీ చదువుతున్నవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, అదీ భోజనాలయ్యాక, ఇంతమంది ఓపిగ్గా కూర్చున్నారంటే ఈ విషయం మీ ఇళ్లలో ఎంత టెన్షన్ పెడుతోందో తెలుస్తోంది. ముందు వరసల్లో పిల్లలున్నారు, వెనక అమ్మానాన్నలున్నారు. ఇద్దరితోనూ మాట్లాడతాను. పిల్లలకు చెప్పేది పెద్దలూ, పెద్దలకు చెప్పేది పిల్లలూ వినండి.

గుడిలోనో, పెళ్లిలోనో, ఇండియన్ స్టోర్‌లోనో నన్ను ఆపి చాలామంది అడిగేది ఒకటే ప్రశ్న. "డాక్టర్ గారూ, మా అమ్మాయి ప్రీ-మెడ్. రీసెర్చ్ లేకపోతే సీటు రాదంటున్నారు. ఏ ల్యాబ్‌లో చేరితే అప్లికేషన్‌కి బాగుంటుంది?" ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. మన తరం చాలావరకు ఎంసెట్ రాసి వచ్చినవాళ్లం. ఇప్పుడు అక్కడ నీట్ వచ్చింది గానీ పద్ధతి మారలేదు. పరీక్ష, ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు. ఇంటర్ సెలవుల్లో నువ్వేం చేశావని అక్కడ ఎవరూ అడగరు. ఆ అలవాటుతో ఇక్కడ కూడా ప్రతి పనికీ ఇన్ని మార్కులని ఎక్కడో లెక్క ఉంటుందనుకుంటాం. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్షకి ఇన్ని, జీపీఏకి ఇన్ని, పెద్ద పేరున్న ల్యాబ్‌కి ఇన్ని, జర్నల్‌లో పేపర్ పడితే ఇంకొన్ని. అలాంటి లెక్క ఇక్కడ లేదు.

అప్లికేషన్ ఎలా ఉంటుందో ముందు చెబుతాను. ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి డాక్టర్ డిగ్రీ. దేశంలో ఎక్కువ ఎండీ స్కూళ్లు వాడే ఏఎమ్‌సీఏఎస్ ఫారంలో మీరు చేసిన పనులన్నీ కలిపి 15 ఎంట్రీలకు మించకూడదు. ఒక్కో ఎంట్రీకి 700 క్యారెక్టర్లు, అంటే ఇంగ్లిష్‌లో వంద మాటలకు కాస్త అటూ ఇటూ. వాటిలో మూడింటిని మీకు అన్నిటికన్నా ముఖ్యమైనవని ఎంచుకుంటే, ఆ మూడింటికి మాత్రం ఇంకో 1,325 క్యారెక్టర్ల చొప్పున ఇస్తారు. మన టెక్సాస్ పబ్లిక్ మెడికల్ స్కూళ్లకు టీఎమ్‌డీఎస్‌ఏఎస్ అని వేరే అప్లికేషన్ ఉంది. దాని ఫారం వేరు గానీ, అడిగేది అదే. నువ్వేం చేశావు, ఎందుకు చేశావు, ఏం తెలుసుకున్నావు. రెండేళ్ల రీసెర్చ్‌ని వంద మాటల్లో చెప్పాలంటే ల్యాబ్ పేరు, ప్రొఫెసర్ పేరు రాసేసరికే సగం అయిపోతుంది. మిగతా సగంలో నీ సొంత మాట ఉందా లేదా అన్నదే చదివేవాళ్లు చూస్తారు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. రీసెర్చ్ అందరికీ తప్పనిసరి కాదు. చాలా మెడికల్ స్కూళ్లు రాతపూర్వకంగా రీసెర్చ్ ఉండాలని అడగవు. పేషెంట్ల దగ్గర గడిపిన సమయం, జబ్బు పడ్డ మనుషుల మధ్య నువ్వు ఉండగలవా అన్న ప్రశ్నకు నీ దగ్గరున్న జవాబు, ఇవి లేకుండా ఎంత రీసెర్చ్ ఉన్నా నిలబడదు. చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే హాస్పిస్‌లో వాలంటీర్‌గా వెళ్లే అబ్బాయిని అది మాన్పించి ల్యాబ్‌లో చేర్చిన తండ్రిని నేను చూశాను. ఆ నిర్ణయం నాకు చాలా బాధ కలిగించింది. ఆ పిల్లవాడికి డాక్టర్ కావాలన్న కోరిక పుట్టిందే ఆ హాస్పిస్‌లో.

ఎవరికి ఎంత కావాలన్నది వాళ్లు వెళ్లాలనుకునే చోటును బట్టి ఉంటుంది. ఎండీ-పీహెచ్‌డీ, అంటే డాక్టర్ డిగ్రీ, పీహెచ్‌డీ రెండూ కలిపి చేయాలనుకుంటే రీసెర్చే ప్రాణం. ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ 1964లో మొదలుపెట్టిన ఎంఎస్‌టీపీ అనే గ్రాంట్లతో నడిచే ప్రోగ్రాములు చాలావరకు ఫీజు కట్టి, స్టైపెండ్ కూడా ఇచ్చి చదివిస్తాయి. సుమారు ఎనిమిదేళ్ల చదువు అది. వాటికి మామూలు ఎస్సే కాక ఇంకో రెండు రాయాలి. అందులో రీసెర్చ్ అనుభవం గురించి రాసే ఎస్సేకి 10,000 క్యారెక్టర్లు ఇస్తారు. ఆ ఎస్సే ఒక సమ్మర్ అనుభవంతో నిండదు. డ్యూక్‌లో మూడో ఏడాది దాదాపు మొత్తం రీసెర్చ్‌కే కేటాయిస్తారు. క్లీవ్‌లాండ్ క్లినిక్ లర్నర్ కాలేజీ అయిదేళ్ల కోర్సు పెట్టిందే డాక్టర్లను పరిశోధకులుగా కూడా తయారుచేయడానికి. అలాంటి చోట్ల రీసెర్చ్ మీద ఇష్టం కనిపించని పిల్లవాడిని ఎందుకు తీసుకుంటారు? అదే నార్త్ కరోలినాలోని బ్రోడీ లాంటి స్కూలు తమ రాష్ట్రం పిల్లలనే తీసుకుని, ఊళ్లలో పనిచేసే ఫ్యామిలీ డాక్టర్లను తయారుచేయాలనుకుంటుంది. వాళ్లు వెతికేది వేరు. టెక్సాస్‌లో పెరిగిన మీ పిల్లలకు ఒక మేలుంది. ఇక్కడి పబ్లిక్ మెడికల్ స్కూళ్లలో కనీసం 90 శాతం సీట్లు టెక్సాస్ వాళ్లకే ఇవ్వాలి. కాబట్టి దూరంగా ఉన్న పెద్ద పేర్ల కోసం పిల్లల నాలుగేళ్లూ బిగించేయకుండా, ఇక్కడి స్కూళ్లు ఏం కోరుకుంటున్నాయో వాటి వెబ్‌సైట్లలో చదవండి.

ఇప్పుడు అసలు విషయం. "ఏ ల్యాబ్" అన్నవాళ్లకు నేనిచ్చే జవాబు ఎప్పుడూ ఇంకో ప్రశ్నే. అక్కడ మీ అమ్మాయికి రోజూ పని నేర్పేది ఎవరు?

మెడికల్ స్కూల్ అడ్మిషన్ ఇంటర్వ్యూలు చేసిన అనుభవంతో ఒక విషయం చెబుతాను, మనిషి తెలియకుండా వివరాలు కొంచెం మార్చి. ఒకమ్మాయి అప్లికేషన్‌లో చాలా మామూలు రీసెర్చ్ ఎంట్రీ ఉంది. చిన్న స్టేట్ కాలేజీ, పెద్దగా ఎవరికీ తెలియని ప్రొఫెసర్, పేపర్ లేదు. ఎలుకల జీనోటైపింగ్ చేసింది. అంటే ఏ ఎలుకలో జన్యువు మార్పు ఉందో, దేనిలో లేదో పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను ఎన్నో కాపీలు తీసే పద్ధతి) చేసి తేల్చడం. తోక చివర చిన్న ముక్క నుంచి డీఎన్ఏ తీస్తారు, ఏ భాగాన్ని కాపీ చేయాలో చూపే ప్రైమర్లు కలుపుతారు, మిషన్‌లో పెడతారు, జెల్ మీద నడిపి బ్యాండ్లు, అంటే గీతలు చూస్తారు. ప్రతిసారీ ఒక గొట్టంలో డీఎన్ఏ బదులు నీళ్లు పోస్తారు. జెల్ మీద ఆ గొట్టం గడిలో ఏమీ రాకూడదు. వస్తే ఎక్కడో ఏదో కలిసిపోయిందని అర్థం.

"నీ పనిలో కష్టమైన రోజు ఒకటి చెప్పు" అని అడిగాను. ఆ అమ్మాయి నీళ్ల గడిలో బ్యాండ్ వచ్చిన రోజు గురించి చెప్పింది. మిగతా గడులన్నీ అనుకున్నట్టే వచ్చాయట. ఎవరూ అడగరు కూడా, ఆ ఒక్క గడినీ చూడనట్టు ఊరుకోవచ్చు. కానీ ఆ అమ్మాయి వెళ్లి తనకు పని నేర్పే గ్రాడ్ స్టూడెంట్‌కి (పీహెచ్‌డీ విద్యార్థికి) చూపించింది. ఆయన ఆ వారం చేసినవన్నీ పక్కన పెట్టమన్నాడు. ఆ తర్వాత కొత్త నీళ్లు, కొత్త బఫర్, వేరే పిపెట్, వేరే బల్ల, ఒక్కొక్కటీ మార్చుకుంటూ వెతికి, చివరికి అందరూ వాడుకునే ఒక ప్రైమర్ గొట్టం చెడిపోయిందని పట్టుకున్నారు. ఆ తర్వాత ల్యాబ్‌లో ప్రైమర్లను చిన్న చిన్న గొట్టాల్లో పంచి, ఎవరిది వాళ్లు వాడుకోవడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిని రాసిపెట్టిన కాగితం ఈ అమ్మాయిదే.

ఈ కథ విన్నాక నాకు ఆ అమ్మాయి పేషెంట్‌కి మందు రాసేటప్పుడు ఎలా ఉంటుందో కనిపించింది. ఒక రిపోర్ట్ సరిపోలకపోతే మళ్లీ చూస్తుంది. తప్పు కనపడితే పెద్దవాళ్లకు చెబుతుంది. ఆ మాట రాయడానికి నాకు ఆమె పేపర్ అవసరం లేదు. ఆ పక్కనున్న గ్రాడ్ స్టూడెంట్ గురించి కూడా ఆలోచించండి. "మిగతావి బాగానే వచ్చాయిగా, వదిలేయ్" అనే మనిషి పక్కన ఆ అమ్మాయి అదే రెండేళ్లు గడిపి ఉంటే వేరే పాఠం నేర్చుకునేది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీలో చాలామంది విన్నారు. ఫోలిక్ యాసిడ్ విటమిన్, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు మీద ఆయన చేసిన పని గురించి విని ఉంటారు. ఆయన హార్వర్డ్‌లో బయోకెమిస్ట్ సైరస్ ఫిస్కే దగ్గర చేసిన మొదటి పెద్ద పని ఏమిటో తెలుసా? రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే ఒక పద్ధతి. మాలిబ్డేట్, దాంతో పాటు ఇంకో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. 1925లో వచ్చిన ఆ పేపర్‌ను బయోకెమిస్ట్రీ వాళ్లు ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. కండరం నుంచి తీసిన ద్రావణాన్ని ఆ పద్ధతితోనే కొలుస్తుంటే, రంగు రావాల్సినంత త్వరగా రాకుండా నెమ్మదిగా పెరుగుతూ పోయింది. కొలత సరిగ్గా కుదరలేదని పక్కన పెట్టకుండా, ఎందుకలా అవుతోందని వెతికారు. ద్రావణంలో ఏదో ఒక పదార్థం విడిపోతూ ఫాస్ఫరస్ వదులుతోందని తేలింది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న మన అవగాహనే దాంతో మారింది.

పిల్లలూ, మీరు చేసే పని కొలవడం, లెక్కపెట్టడం, ఎక్సెల్‌లో నింపడం అయితే "ఇది రీసెర్చ్ కాదు" అని చిన్నబుచ్చుకోకండి. కొలవడం ఎంత శ్రద్ధగా చేస్తున్నారన్నదే అసలు. అయితే ఆ కొలత ఎందుకో మీకు చెప్పేవాళ్లు మాత్రం పక్కన ఉండాలి.

అలాంటివాళ్లను ఎలా వెతకాలి? నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెప్పేది మీకూ చెబుతాను. ముందు మీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ల పేజీలు చూడండి. మీకు ఆసక్తి కలిగిన నలుగురైదుగురిని ఎంచుకోండి. వాళ్ల పేపర్లు పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో తీసి, పూర్తిగా అర్థం కాకపోయినా ఒక్కోటి ముందు భాగం, చివరి భాగం చదవండి. రచయితల వరసలో అండర్‌గ్రాడ్ పిల్లలు, అంటే మీలా డిగ్రీ చదివేవాళ్లు, ఎప్పుడైనా ఉన్నారా చూడండి. ఎన్ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైట్‌లో ఎవరికి ఏ గ్రాంటు ఉందో, ఎప్పటివరకు ఉందో ఎవరైనా చూడొచ్చు. గ్రాంటు అయిపోవస్తున్న ల్యాబ్ చెడ్డదని కాదు. కానీ అక్కడ మనుషులు వెళ్లిపోతుంటారు, నీకు నేర్పడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఆ తర్వాత వెళ్లి కలవాలి. కలిసినప్పుడు వాళ్లు మిమ్మల్ని ప్రశ్నలు వేస్తారని భయపడుతూ వెళతారు అందరూ. మీరూ అడగాలి. నాకు రోజూ ఎవరు నేర్పుతారు? ఆ మనిషి ఇక్కడ ఇంకా ఎన్నాళ్లు ఉంటారు? ల్యాబ్ మీటింగ్‌కి నేను కూర్చోవచ్చా? ఆరు నెలలు బాగా చేస్తే నాకంటూ ఒక చిన్న ప్రశ్న ఇస్తారా? ఇంతకుముందు చేసిన అండర్‌గ్రాడ్ ఎవరితోనైనా మాట్లాడొచ్చా? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. మంచి ప్రొఫెసర్ సంతోషంగా పేరు, ఈమెయిల్ ఇస్తారు. ఆ పాత విద్యార్థిని ఒక్కటే అడగండి, "ప్రొఫెసర్ గారికి నీ పేరు గుర్తుందా? నీతో నెలకు ఒకసారైనా కూర్చున్నారా?" అని. రెండేళ్ల తర్వాత నీ రికమెండేషన్ లెటర్ రాసేది ఆ మనిషే. పాతికమంది ఉన్న ల్యాబ్‌లో పెద్దాయన నిన్ను కారిడార్‌లో చూసి గుర్తుపట్టకపోతే, ఆ లెటర్‌లో "హార్డ్ వర్కర్" అని తప్ప ఇంకేం ఉంటుంది? అలాంటి లెటర్లు చదివి చదివి మాకు కంఠతా వచ్చేశాయి.

డాలస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్ ఉంది. కొలెస్ట్రాల్ మీద చేసిన పనికి 1985లో నోబెల్ తెచ్చుకున్న బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అక్కడివాళ్లే. అక్కడి సమ్మర్ ప్రోగ్రాములో సీటు రావడం గొప్ప అవకాశమే, ప్రయత్నించండి. పది వారాలు నిజమైన సైన్స్ చూస్తారు. కానీ పది వారాల్లో పిపెట్ పట్టడం, పేర్లు గుర్తుపెట్టుకోవడం అయ్యేసరికే సగం గడుస్తుంది. మీ కాలేజీలో మీకు దగ్గరగా ఉన్న ల్యాబ్‌లో వారానికి ఎనిమిది, పది గంటల చొప్పున రెండేళ్లు చేసిన పనికి సమ్మర్ తోడైతే మంచిదే. దానికి బదులు సమ్మర్ ఒక్కటే చాలనుకోకండి.

ఇక ల్యాబ్ అంటే తెల్లకోటు, ఎలుకలు, గొట్టాలే అనుకోకండి. మీలో కొందరికి అది నచ్చదు. నచ్చకపోవడం నేరం కాదు. హాస్పిటల్ రికార్డులు చూసి చేసే పరిశోధన ఉంది, పబ్లిక్ హెల్త్ సర్వేలు ఉన్నాయి, డేటా, కంప్యూటర్ మీద చేసేవి ఉన్నాయి, వైద్య చరిత్ర, నీతిశాస్త్రం మీద చేసేవీ ఉన్నాయి. రికార్డుల పని తేలికని చాలామంది అనుకుంటారు. ఒక ఉదాహరణ చెబుతాను. సర్జరీ తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లెందరో చూడమని ఒక విద్యార్థికి చెప్పారనుకోండి. షుగర్ ఉందని ఎలా తేల్చాలి? కొన్ని నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనా? మరి ఆ పరీక్షే చేయని వాళ్లు? డాక్టర్ నోట్‌లో రాసి ఉంటే చాలా? మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడుతుంటే షుగర్ కింద వేసుకోవచ్చా? మెట్‌ఫార్మిన్ పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్న అమ్మాయిలకూ ఇస్తారు, షుగర్ అంచుల్లో ఉన్నవాళ్లకూ ఇస్తారు. ఆలోచించకుండా అందరినీ షుగర్ లెక్కలో వేస్తే ఫలితమే మారిపోతుంది. ఈ ప్రశ్నలు తనంతట తాను లేవనెత్తి, టీమ్‌తో కూర్చుని, ముందే నియమం రాసుకుని ఆ తర్వాత రికార్డులు తెరిచిన పిల్లవాడు నిజమైన పరిశోధన చేశాడు. పీసీఆర్ చేసినవాడికి ఏమాత్రం తీసిపోడు. పైగా పేషెంట్ రికార్డు ఎలా రాస్తారో, అందులో ఎన్ని ఖాళీలుంటాయో డాక్టర్ కాకముందే తెలుసుకున్నాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పేషెంట్ల సమాచారం ముట్టుకునే ఏ పనైనా ఐఆర్‌బీ (పరిశోధనల నైతికతను చూసే కమిటీ) అనుమతితోనే మొదలవ్వాలి, దానికి నీ పేరు చేర్చాలి, శిక్షణ పూర్తి చేయాలి. "నాన్నగారి ఫ్రెండ్ క్లినిక్‌లో చార్టులు చూసి ఒక పేపర్ రాద్దాం" అంటే కుదరదు. అది పేషెంట్ల గోప్యతను కాపాడే హిపా చట్టం ఉల్లంఘన కావచ్చు. ఆ ఫ్రెండ్ ఎంత మంచివాడైనా సరే.

పెద్దలకు ఇప్పుడు కొంచెం కటువుగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. డబ్బు కడితే రీసెర్చ్ చేయించి, పేపర్‌లో పేరు వేయించి ఇస్తామనే సంస్థలు బోలెడు పుట్టుకొచ్చాయి. మన పిల్లల ఇన్‌బాక్సులు వాటి ఈమెయిళ్లతో నిండుతున్నాయి. ఏ మాత్రం సమీక్ష లేకుండా డబ్బు తీసుకుని అచ్చేసే జర్నళ్లూ ఉన్నాయి. అలాంటి పేపర్ అప్లికేషన్‌లో కనిపిస్తే చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఆ జర్నల్ పేరు వాళ్లకు తెలియకపోయినా, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలుస్తుంది. "ఈ విశ్లేషణ ఎందుకు ఇలా చేశారు?" అంటే పిల్లవాడు నేల చూపులు చూస్తాడు. కొన్ని వేల డాలర్లు పోవడం అసలు నష్టం కాదండీ. తను చేయని పనికి తన పేరు వేసుకోవచ్చని పంతొమ్మిదేళ్లకే మనమే నేర్పినవాళ్లం అవుతాం. రేపు పేషెంట్ చార్టులో చేయని పరీక్ష చేసినట్టు రాయకుండా ఆ పిల్లవాడిని ఆపేదేమిటి? ఈ విషయంలో నేను రాజీపడను.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతారు. మొదటి సెమిస్టర్‌లో వద్దు. ముందు కెమిస్ట్రీ, బయాలజీ నిలదొక్కుకోండి. జీపీఏ పడిపోతే దాన్ని లేపడం చాలా కష్టం, ల్యాబ్ ఎక్కడికీ పోదు. యూటీ ఆస్టిన్‌లో 2005లో మొదలైన ఫ్రెష్‌మన్ రీసెర్చ్ ఇనిషియేటివ్ లాంటిది మాత్రం వేరు. అక్కడ రీసెర్చే కోర్సుగా ఉంటుంది, క్రెడిట్ వస్తుంది, పక్కన నేర్పేవాళ్లుంటారు, కాబట్టి మొదటి ఏడాదే చేరొచ్చు. లేకపోతే రెండో సెమిస్టర్ చివర వెతకడం మొదలుపెట్టి రెండో ఏడాది చేరితే సరిపోతుంది. ఇప్పుడు మెడికల్ స్కూల్లో చేరేవాళ్లలో సగానికి మించి డిగ్రీ అయ్యాక కనీసం ఒక ఏడాది గ్యాప్ తీసుకుంటున్నారు. మన ఇళ్లలో గ్యాప్ అనగానే ఫెయిలయినట్టు ముఖాలు పెడతారు. ఒక ఏడాది ల్యాబ్‌లో పూర్తి జీతం మీద పనిచేస్తే ఆ ఏడాది వాళ్లను ఎంత పెద్దచేస్తుందో నేను చాలామందిలో చూశాను. చుట్టాల ముందు ఏం చెప్పాలన్న బెంగతో దయచేసి పిల్లలను తొందరపెట్టకండి.

ఈమెయిల్ గురించి రెండు ముక్కలు. అందరికీ ఒకే ఈమెయిల్ పంపి పేరు మాత్రం మార్చితే మాకు తెలిసిపోతుంది. నాకు వచ్చే వాటిలో నేను జవాబిచ్చేవి చిన్నగా ఉంటాయి. నేను ఎవరిని, ఏ ఏడాది చదువుతున్నాను, మీ ఫలానా పేపర్‌లో ఫలానా విషయం నాకు అర్థం కాలేదు లేదా ఆసక్తి కలిగించింది, వారానికి ఇన్ని గంటలు ఇన్ని సెమిస్టర్లు ఇవ్వగలను, ఒక పావుగంట కలవొచ్చా. అంతే. వారం తర్వాత జవాబు రాకపోతే ఇంకోసారి రాయండి, తప్పు లేదు. మేం చూసి మర్చిపోతాం. అమ్మానాన్నలు మాత్రం ప్రొఫెసర్‌కి రాయకండి, ఫోన్ చేయకండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

ఒక విద్యార్థిని: ఆంటీ, నేను హెచ్-4 (అమ్మానాన్నల వర్క్ వీసా మీద ఆధారపడ్డ వీసా) మీద ఉన్నాను. సమ్మర్ ప్రోగ్రాములకు అప్లై చేద్దామంటే అన్నిచోట్లా సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ అంటున్నారు.

అవునమ్మా, ఇది మనవాళ్లలో చాలా కుటుంబాల బాధ. ప్రభుత్వ సైన్స్ సంస్థ ఎన్ఎస్ఎఫ్ 1987 నుంచి నడిపిస్తున్న ఆర్ఈయూ అనే సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాములు సిటిజన్లు, పర్మనెంట్ రెసిడెంట్లకే. వాటి మీద సమయం పెట్టకు. హెచ్-4 మీద జీతం తీసుకోలేవు కాబట్టి, నీ యూనివర్సిటీలోనే కోర్సు క్రెడిట్ కింద రీసెర్చ్ చేసే దారి వెతుకు. అది చదువులో భాగం. ఏదీ ఒప్పుకోకముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసును అడిగి, వాళ్ల జవాబు ఈమెయిల్‌లో దగ్గర పెట్టుకో. స్నేహితులు చెప్పారని చేయకు. ఇంకోటి, ఇప్పుడే అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడు. చాలా మెడికల్ స్కూళ్లు గ్రీన్ కార్డు లేనివాళ్లను తీసుకోవు. ఏ స్కూళ్లు తీసుకుంటాయో మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎమ్‌సీ వాళ్ల ఎంఎస్ఏఆర్ అనే స్కూళ్ల వివరాల జాబితాలో ఉంటుంది. ఇరవై ఒక్కేళ్లు నిండితే హెచ్-4 ఉండదు, ఆలోపు ఏం చేయాలో లాయర్‌ని కూడా అడగండి. ఆ సంగతి తేలకుండా ల్యాబ్ గురించి బెంగపడి లాభం లేదు.

ఒక తండ్రి: మా వాడు కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టాడండీ. అక్కడ ల్యాబులే లేవు.

పర్వాలేదండీ. రెండేళ్లు మంచి గ్రేడ్లు తెచ్చుకోనివ్వండి, క్లినిక్‌లో వాలంటీర్ చేయనివ్వండి. సమ్మర్ ప్రోగ్రాముల్లో కొన్ని కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులను ప్రత్యేకంగా తీసుకుంటాయి, అడగమనండి. నాలుగేళ్ల యూనివర్సిటీకి మారాక మొదటి వారంలోనే ప్రొఫెసర్లకు రాయమనండి. కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చి ఉద్యోగం కూడా చేసుకుంటూ చదివిన పిల్లలు నా ల్యాబ్‌లో చేశారు. చెప్పిన టైముకు వచ్చేవాళ్లు, చెప్పిన పని చేసేవాళ్లు. అంతకన్నా ఎవరికైనా ఏం కావాలి?

ఒక విద్యార్థి: ఆంటీ, నేను ఒక ల్యాబ్‌లో చేరి చాలా నెలలైంది. గ్లాస్‌వేర్ కడగడం, పిపెట్లకు తగిలించే టిప్‌ల బాక్సులు నింపడమే పని. ప్రొఫెసర్ కనపడరు. మానేస్తే బాడ్ లెటర్ ఇస్తారేమోనని భయం.

నాన్నా, మొదట్లో అందరూ బాక్సులు నింపుతారు, అందులో తప్పు లేదు. కానీ చాలా నెలలు అదే పనంటే నువ్వు మాట్లాడాలి. ముందు నీకు పని చెప్పే గ్రాడ్ స్టూడెంట్‌ని అడుగు. "మీరు చేస్తున్న ప్రయోగం ఒకటి పక్కన నిలబడి చూస్తాను, తర్వాతిసారి మీరు చూస్తుంటే నేను చేస్తాను" అని అడుగు. తేదీ పెట్టమను. ఒప్పుకుంటే ఉండు. రెండుసార్లు అడిగినా కుదరకపోతే, ఈ సెమిస్టర్ చివరి వరకు నీ పని శుభ్రంగా పూర్తి చేసి, ఏది ఎక్కడుందో ఒక పేజీలో రాసి ఇచ్చి, ప్రొఫెసర్‌కి థాంక్స్ చెబుతూ ఈమెయిల్ పెట్టి బయటకు రా. అలా వచ్చినవాడికి ఎవరూ చెడ్డ లెటర్ రాయరు. నిన్ను చూడని మనిషిని అసలు లెటరే అడగొద్దు. కొత్త ల్యాబ్‌కి వెళ్లినప్పుడు పాతది ఎందుకు మానేశావంటే ఉన్నది ఉన్నట్టు చెప్పు. ప్రయోగాలు నేర్చుకోవాలనుకున్నాను, అక్కడ కుదరలేదు అని. వాళ్ల గురించి ఒక్క చెడ్డ మాట కూడా అనకు. నా దగ్గరికి ఎవరైనా అలా వచ్చి చెబితే నేను తీసుకుంటాను. మీటింగ్ అయ్యాక ఆగు, నీకు ఏ విషయం మీద ఆసక్తి ఉందో మాట్లాడుకుందాం. ఎవరికి రాయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.